పదిహేనేళ్లు పరీక్షే లేదు.. పాత కారు చరిత్ర ఎవరికెరుక?

పన్నెండేళ్ల నాటి చిన్న కారు. రంగు మెరుస్తోంది. సీట్లకు కొత్త కవర్లు వేశారు. మీటరు మీద 58 వేల కిలోమీటర్లు కనిపిస్తున్నాయి. ‘డాక్టరు గారి బండి, ఇంటికీ ఆసుపత్రికీ తప్ప తిరగలేదు’ అంటాడు మధ్యవర్తి. లక్షా ఎనభై వేలు చెప్పి, లక్షా అరవైకి దిగుతాడు. విజయవాడ ఆటోనగర్ మొదలుకొని చిన్న పట్టణాల్లోని ఆటో కన్సల్టెన్సీల వరకు నిత్యం కనిపించే దృశ్యమిది. చీటీ పాడుకునో, బంగారం కుదువపెట్టో ఆ సొమ్ము తెచ్చే చిరుద్యోగి అడగవలసిన మొదటి ప్రశ్న ఒకటుంది. ఈ పన్నెండేళ్లలో ఈ కారును ప్రభుత్వం తరఫున ఎవరైనా పరీక్షించారా? బ్రేకులు పడుతున్నాయో లేదో, స్టీరింగు సరిగా ఉందో లేదో చూసి ఎక్కడైనా రాసి పెట్టారా?

లేదన్నదే సమాధానం. ఇది అమ్మకందారు దాచిన రహస్యం కాదు. చట్టమే అలా ఉంది.

టాక్సీకి ఉన్న చరిత్ర సొంత కారుకు లేదు

1988 నాటి మోటారు వాహనాల చట్టం 41వ సెక్షన్ ప్రకారం సొంత అవసరాలకు వాడే కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల పాటు చెల్లుతుంది. ఆ గడువు తీరాకే బండిని రవాణా శాఖ అధికారి ముందు నిలబెట్టి, తనిఖీ చేయించుకుని, మరో ఐదేళ్లకు పునరుద్ధరించుకోవాలి. కర్మాగారం నుంచి పూర్తిగా తయారై వచ్చే కొత్త కారును రిజిస్ట్రేషన్‌కు ముందు అధికారికి చూపించాల్సిన అవసరం కూడా ఇప్పుడు లేదు. కాగితాల పని షోరూంలోనే పూర్తవుతుంది. అంటే రోడ్డెక్కిన నాటి నుంచి పదిహేనో ఏడు నిండే దాకా ఆ బండి బాగోగులను అధికారికంగా చూసే దిక్కు లేదన్నమాట.

అదే పసుపు నంబరు ప్లేటున్న టాక్సీ సంగతి వేరు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఎనిమిదేళ్ల వయసు వచ్చే వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా సామర్థ్య పరీక్షకు వెళ్లాలి. జనం నోట ‘బ్రేక్ ఇన్‌స్పెక్టర్’గా స్థిరపడిన మోటారు వాహనాల తనిఖీ అధికారి సంతకం ఆ బండికి పదిహేనేళ్లలో పదిసార్లకు పైగా పడుతుంది. ఆ తనిఖీలు ఎంత లోతుగా జరుగుతాయన్నది వేరే చర్చ. కనీసం తేదీలైనా రికార్డుల్లో ఉంటాయి. చిత్రమేమిటంటే పాత బండ్ల మార్కెట్లో టాక్సీగా తిరిగిన కారంటే ధర పడిపోతుంది. ఏ పరీక్షా ఎరుగని సొంత కారుకు మాత్రం గిరాకీ ఎక్కువ. టాక్సీ ఎక్కువ తిరుగుతుంది కాబట్టి కొనేవారి భయంలో న్యాయం లేకపోలేదు. అయితే ఒకదాని చరిత్ర తెలిసి భయపడుతున్నారు, రెండోదాని చరిత్ర తెలియక ధైర్యపడుతున్నారు.

విదేశాల్లో ఉన్న తెలుగువారికి ఈ పరిస్థితి వింతగానే తోస్తుంది. బ్రిటన్‌లో కారు కొని మూడేళ్లు నిండగానే ‘ఎంఓటీ’ పరీక్ష తప్పనిసరి. ఆపై ఏటా చేయించాలి. ఉత్తర ఐర్లండ్‌లో మొదటి పరీక్షకు నాలుగేళ్ల గడువుంది. ప్రతి పరీక్షలో మీటరు ఎంత చూపించిందీ, దేనివల్ల తప్పిందీ, త్వరలో ఏ భాగం మార్చాల్సి రావచ్చనే హెచ్చరికా.. అన్నీ కంప్యూటరుకెక్కుతాయి. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో 2005 నుంచి ఉన్న ఈ వివరాలను నంబరు ప్లేటు ఆధారంగా ఎవరైనా రుసుము లేకుండా చూసుకోవచ్చు. లండన్‌లో పాత కారు కొనే తెలుగు విద్యార్థి బేరానికి వెళ్లకముందే గదిలో కూర్చుని దాని పుట్టుపూర్వోత్తరాలు చదువుకుంటాడు. జపాన్‌లోనూ కొత్త కారుకు మూడేళ్ల తర్వాత, ఆపై రెండేళ్లకోసారి తనిఖీ ఉంది. ఇక్కడ అతని తండ్రి పాత కారు కొనాలంటే మెకానిక్ అంచనా మీద, మధ్యవర్తి ప్రమాణం మీద ఆధారపడాలి.

పొగ చెప్పేది కొంతే

తనిఖీ పత్రం అడిగితే చాలామంది అమ్మకందారులు కాలుష్య ధ్రువపత్రం చూపిస్తారు. ‘చూడండి, మొన్ననే చేయించాం’ అంటారు. రిజిస్ట్రేషన్ జరిగిన ఏడాది తర్వాత ప్రతి వాహనానికీ ఈ పత్రం ఉండాలి. బీఎస్-4, ఆ తర్వాతి ప్రమాణాల బండ్లకు ఏడాది, అంతకు ముందు వాటికి ఆరు నెలలు చెల్లుతుంది. పెట్రోలు బండి అయితే పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు ఎంతున్నాయో, డీజిల్ అయితే పొగ ఎంత చిక్కగా ఉందో కొలుస్తారు. అంతవరకే. బ్రేకు డిస్కు అరిగిందా, ఛాసిస్ వంగిందా, టైర్లు నున్నబడ్డాయా అన్నది ఆ యంత్రానికి సంబంధం లేని విషయం. దాన్ని బండి ఆరోగ్య పత్రంగా భావిస్తే పొరబాటే.

అయినా దాన్ని తీసిపారేయాల్సిన పని లేదు. 2021 నుంచి దేశమంతటా ఒకే నమూనాలో, క్యూఆర్ కోడ్‌తో ఈ పత్రాలను జారీ చేస్తున్నారు. వాటిని వాహనాల జాతీయ సమాచార వ్యవస్థ ‘వాహన్’కు అనుసంధానించారు. పాత పత్రాలను వరుసగా పెట్టి చూస్తే ఏయే ఏళ్లలో పరీక్ష చేయించారో, ఎక్కడ ఖాళీ పడిందో తెలుస్తుంది. రెండు మూడేళ్ల పాటు పత్రమే లేదంటే బండి షెడ్డులో పడి ఉండవచ్చు, యజమాని పట్టించుకోకపోయీ ఉండవచ్చు. రెంటికీ జవాబు అడిగి తెలుసుకోవలసిందే. ఎక్కువ కాలం కదలకుండా నిలబడిన బండిలో రబ్బరు గొట్టాలు, బ్రేకు సిలిండర్లు, ఇంధన ట్యాంకు లోపలి భాగం దెబ్బతింటాయి. ‘తక్కువ తిరిగింది’ అన్నది అన్ని వేళలా మంచి మాట కాదు.

బీమా పత్రంలో దాగిన ప్రమాదం

అధికారిక తనిఖీ లేని చోట కారు చరిత్రకు దగ్గరగా వచ్చే కాగితం బీమా పాలసీయే. కొనేవారిలో అత్యధికులు దాని చివరి తేదీ మాత్రమే చూసి మడిచి పెట్టేస్తారు. అసలు చూడవలసింది క్లెయిము చేయని ఏళ్లకు ఇచ్చే రాయితీ గడి. వాడుకలో ‘నో క్లెయిమ్ బోనస్’ అంటారు. సొంత నష్టానికి వర్తించే సమగ్ర పాలసీలో ఒక ఏడాది క్లెయిము లేకపోతే 20 శాతం, వరుసగా రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50 శాతం రాయితీ దక్కుతుంది. ఒక్క క్లెయిము చేస్తే సాధారణంగా అది సున్నాకు పడిపోతుంది.

ఈ లెక్క తెలిసిన వారికి నాలుగైదు పాత పాలసీలు చాలు. 2018లో 45 శాతం ఉన్న రాయితీ 2019లో సున్నా అయిందంటే మధ్యలో ఏదో జరిగింది. అది బంపరు గీతా, ముందు భాగం నుజ్జయిన ప్రమాదమా అన్నది అప్పుడు అడగాలి. మరమ్మతు బిల్లు చూపమనాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ రాయితీ యజమానికి చెందుతుంది, బండికి కాదు. కారు చేతులు మారినప్పుడు కొత్త యజమాని పాలసీలో సున్నా కనిపించడం సహజం. పాత కారు మీది రాయితీని కొత్త కొనుగోలుదారు తన బండికి తెచ్చుకునీ ఉండవచ్చు. కాబట్టి ఒకే యజమాని పేరు మీది పాలసీలను వరుసగా పోల్చినప్పుడే ఈ లెక్కకు విలువ.

మరో చిక్కు.. బండి పాతబడే కొద్దీ చాలామంది సమగ్ర బీమా మానేసి, చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ పాలసీతో సరిపెడతారు. అందులో రాయితీ గడి ఉండదు. చరిత్ర అక్కడితో తెగిపోతుంది. ఏ ఏడాది తెగిందో గుర్తించడం కూడా ఒక ఆధారమే. ఆ తర్వాతి మరమ్మతులన్నీ యజమాని సొంత ఖర్చుతో, బయటి షెడ్డుల్లో, ఏ రికార్డూ లేకుండా జరిగి ఉంటాయి.

బీమా సంస్థల వద్ద క్లెయిముల వివరాలన్నీ ఉన్నాయి. బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నదీ హైదరాబాద్‌లోనే. అయినా బ్రిటన్‌లో పరీక్ష వివరాలు చూసినట్టు, నంబరు కొట్టి ఒక కారు మీద ఎన్ని క్లెయిములు జరిగాయో సామాన్య కొనుగోలుదారు చూసుకునే వీలు మాత్రం లేదు. యజమాని అడిగితే తన పాలసీ వివరాలు తెచ్చుకోగలడు. అడిగి తెచ్చివ్వని యజమాని వద్ద కొనాలా వద్దా అన్నది కొనేవారి ఇష్టం.

వరదలో మునిగినా ఆర్‌సీ తడవదు

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలను ముంచెత్తినప్పుడు ఇళ్ల ముందు నిలిపిన బండ్లు రోజుల తరబడి నీటిలోనే ఉండిపోయాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2015, 2023 డిసెంబరులలో చెన్నైలో ఇదే జరిగింది. అలా మునిగిన కార్లన్నీ తుక్కుకు పోలేదు. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే సంస్థలు దాన్ని పూర్తి నష్టంగా లెక్కకట్టి యజమానికి పరిహారం చెల్లిస్తాయి. మిగిలిన బండిని ఉన్నది ఉన్నట్టుగా వేలంలోనో, బేరానికో అమ్మేస్తారు. కొన్నవారు విప్పి, కడిగి, ఆరబెట్టి, రంగులేసి మళ్లీ మార్కెట్లోకి తేవచ్చు. పనికిరాకుండా పోయిన వాహనం రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయించాలని చట్టంలోని 55వ సెక్షన్ చెబుతోంది. రద్దు చేయించకుండా వదిలేస్తే ఆర్‌సీ మామూలుగానే ఉంటుంది. అందులో ‘మునిగినది’ అని రాసే గడి లేదు.

పాతికేళ్లుగా షెడ్డు నడిపే మేస్త్రీలు ఇటువంటి బండిని కనిపెట్టే తీరు సులువైనదే. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తారు. పై భాగం శుభ్రంగా ఉన్నా లోపల చుట్టుకుని ఉండే చివర మట్టి చార కనిపిస్తుంది. సీట్ల కింది పట్టాల బోల్టులకు తుప్పు, కాళ్ల దగ్గర కార్పెట్టు ఎత్తితే ఒండ్రు, ఫ్యూజుల పెట్టెలో పచ్చటి పొర, హెడ్‌లైటు లోపల మసక.. ఇవన్నీ నీరు విడిచి వెళ్లే ఆనవాళ్లు. అత్తరు వాసన గుప్పుమంటే ఏదో వాసనను కప్పుతున్నారేమోనని అనుమానించాలి. నీటిలో మునిగిన కారు కొన్న నెలకే ఆగిపోనక్కర్లేదు. వైరింగు నెమ్మదిగా తుప్పు పట్టి ఏడాది తర్వాత ఏ రాత్రి వేళో రహదారి మీద నిలిచిపోవచ్చు. ఎయిర్‌బ్యాగు అవసరమైనప్పుడు తెరుచుకోకపోవచ్చు.

ఢీకొన్న బండ్లకూ ఆనవాళ్లుంటాయి. కారు అద్దాలన్నింటి మూలన తయారీ సంస్థ గుర్తు, ఏడాది సంకేతం ముద్రించి ఉంటాయి. అయిదు అద్దాలు ఒక రకంగా, ఆరోది మరో రకంగా ఉంటే ఆ వైపు తలుపును జాగ్రత్తగా చూడాలి. లప్పం పెట్టి టింకరింగ్ చేసిన చోట అయస్కాంతం సరిగా పట్టదు. టైరు మీది నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండు వారాన్ని, తర్వాతి రెండు ఏడాదిని చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. నలభై వేలు తిరిగిన బండికి మూడో జత టైర్లు ఎందుకు వచ్చాయన్నది అడగదగిన ప్రశ్నే.

మీటరు వెనక్కి తిరుగుతుంది, కాగితాలు తిరగవు

డిజిటల్ మీటర్లు వచ్చాక కిలోమీటర్లు తగ్గించడం కష్టమవుతుందని అనుకున్నారు. జరిగింది వేరు. స్క్రూడ్రైవరుతో చేసే పని ఇప్పుడు ల్యాప్‌టాప్‌తో జరుగుతోంది. మీటరు అంకెను నమ్మకుండా దాన్ని ఇతర కాగితాలతో సరిపోల్చడమే మార్గం.

అధీకృత సర్వీసు కేంద్రాల్లో బండి నంబరు మీద ప్రతి సర్వీసు తేదీ, అప్పటి కిలోమీటర్లు నమోదవుతాయి. యజమాని అడిగితే ముద్రించి ఇవ్వగలరు. వారంటీ తీరగానే చాలామంది బయటి మెకానిక్ దగ్గరికి మారతారు కాబట్టి ఈ చరిత్ర తరచూ తొలి నాలుగైదేళ్లతో ఆగిపోతుంది. ఆ ఆఖరి అంకె అయినా విలువైనదే. ఐదో ఏట 78 వేలు నమోదైన కారు పన్నెండో ఏట 58 వేలు చూపిస్తే ఇక బేరం మాట్లాడవలసిన పని లేదు.

ఫాస్టాగ్ కూడా ఒక సాక్షి. 2021 ఫిబ్రవరి మధ్య నుంచి జాతీయ రహదారుల టోల్‌ప్లాజాల్లో అది తప్పనిసరైంది. యజమాని తన ఖాతా వివరాలు తెరిచి చూపిస్తే బండి తిరుగుడు బయటపడుతుంది. ‘ఊరు దాటని బండి’ అన్నదానికి వారం వారం పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లుల్లో రుసుము కట్టిన లెక్క ఉంటే విజయవాడ-హైదరాబాద్ మధ్య ఎన్నిసార్లు పరుగు తీసిందో వేళ్ల మీద లెక్కించవచ్చు.

నంబరు చెప్పే ఊరు, చెప్పని ఊరు

ఒకప్పుడు నంబరు చూడగానే బండి ఏ జిల్లాదో తెలిసేది. ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 7 అంటే గుంటూరు, ఏపీ 31 అంటే విశాఖ. 2019లో ఆంధ్రప్రదేశ్ అంతటా కొత్త బండ్లకు ఉమ్మడిగా ఏపీ 39 తెచ్చారు. పాత కార్లలో ఇప్పటికీ జిల్లా నంబర్లవే ఎక్కువ కాబట్టి, ఆ బండి మొదట ఎక్కడ తిరిగిందో తెలుసుకుని అక్కడి మెకానిక్ దగ్గర ఆరా తీయడం మంచి పద్ధతి.

‘వాహన్’ వ్యవస్థలో నంబరు నమోదు చేస్తే రిజిస్ట్రేషన్ తేదీ, చెల్లుబాటు గడువు, బీమా, కాలుష్య పత్రం తేదీలు, ఫైనాన్స్ ఉందా లేదా అన్నది కనిపిస్తాయి. ఎన్నో యజమానో కూడా తెలుస్తుంది. ఏడేళ్లలో నలుగురి చేతులు మారిన కారుకు ఏదో ఒక జబ్బు ఉందనే అనుమానించాలి. తెలంగాణ రవాణా శాఖ ఏళ్ల తరబడి తన సొంత వ్యవస్థతోనే పనిచేసింది. అందువల్ల అక్కడి పాత బండ్ల వివరాలు జాతీయ వ్యవస్థలో దొరక్కపోతే నకిలీ బండి అనుకుని కంగారు పడనక్కర్లేదు, ఆ రాష్ట్ర రవాణా శాఖ రికార్డులోనే వెతకాలి.

ఢిల్లీ నంబరు కార్ల విషయంలో అదనపు జాగ్రత్త కావాలి. రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగరాదన్న జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశాలను సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో సమర్థించింది. 2025లో సుప్రీంకోర్టు కొన్ని సడలింపులు ఇచ్చినా, ఈ మధ్యకాలంలో గడువు దగ్గరపడిన బండ్లు చవకగా ఇతర రాష్ట్రాల దారి పట్టాయి. పెద్ద డీజిల్ కారు సగం ధరకే వస్తోందని ఎగబడేవారు మరచేది జీవితకాల పన్ను. పొరుగు రాష్ట్రపు బండిని ఇక్కడ ఏడాదికి మించి ఉంచుకుంటే ఈ రాష్ట్ర నంబరు తీసుకోవాలని చట్టంలోని 47వ సెక్షన్ చెబుతోంది. అక్కడి నిరభ్యంతర పత్రం, ఇక్కడి పన్ను, ఫైనాన్స్ ఉంటే దాని విడుదల పత్రం.. ఇవన్నీ కలిపితే చవక అన్నది ఎంతవరకు మిగులుతుందో ముందే లెక్క వేసుకోవాలి. రిజిస్ట్రేషన్ అధికారి వద్ద ఛాసిస్ నంబరు అచ్చు సరిపోకపోతే బండీ నిలిచిపోతుంది, సొమ్మూ నిలిచిపోతుంది. ఒక తెల్లకాగితం నంబరు మీద పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసి, ఆర్‌సీతో పోల్చుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

పద్నాలుగో ఏడే ఎందుకు?

పాత బండ్ల మార్కెట్లో పదమూడు, పద్నాలుగేళ్ల కార్లు తేలిగ్గా దొరకడానికి ఒక కారణముంది. పదిహేనో ఏట తొలిసారి పరీక్ష ఎదురవుతుంది. దాంతో పాటే ఖర్చు. కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ వరకు రూ.600. అప్పటి నుంచి రూ.5,000. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని రూ.10,000 చేశారు. గడువు దాటి ఆలస్యమైతే నెలకు రూ.500 అదనం. దీనికి రాష్ట్రం విధించే హరిత పన్ను తోడవుతుంది. ఇదంతా కట్టేముందు బ్రేకులు, టైర్లు, లైట్లు, సస్పెన్షన్ బాగు చేయించాలి. ఆ ఖర్చు తన మీద పడకుండా, పరీక్షకు ముందే బండిని వదిలించుకోవాలని యజమాని అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. కొనేవాడు మాత్రం కారుతో పాటు ఆ పరీక్షను కూడా కొంటున్నాడు. ఆ సంగతి ధరలో కనిపించదు.

పరీక్ష తప్పితే ఏమవుతుందన్నది మరీ ముఖ్యం. పునరుద్ధరణ జరగని బండి రోడ్డెక్కితే రిజిస్ట్రేషన్ లేని బండి కిందే లెక్క. ప్రమాదం జరిగితే బీమా సంస్థ సొంత నష్టం క్లెయిమును తిరస్కరించడానికి ఆస్కారముంటుంది. లక్షన్నర పెట్టి కొన్న కారు తుక్కు ధరకు చేరుతుంది.

తనిఖీ నాణ్యత మాటా చెప్పుకోవాలి. అధికారి ఒకసారి చుట్టూ తిరిగి, లైట్లు వేయించి, హారను కొట్టించి, ఛాసిస్ నంబరు సరిచూసి పంపే పరీక్షకూ, చక్రాలను రోలర్ల మీద నిలిపి ఏ చక్రానికి బ్రేకు ఎంత పడుతోందో యంత్రం కొలిచే పరీక్షకూ చాలా దూరముంది. స్వయంచాలిత తనిఖీ కేంద్రాల గుర్తింపు, నిర్వహణ నిబంధనలను కేంద్రం 2021 సెప్టెంబరులో నోటిఫై చేసింది. అవి అన్ని జిల్లాలకూ చేరి, సొంత కార్లకూ వర్తించినా పదిహేనేళ్ల తొలి విరామం మాత్రం అలాగే ఉంటుంది. ఆ ఖాళీని పూరించడానికి కొత్త యంత్రాంగమేదీ అక్కర్లేదు. కాలుష్య పరీక్షకు బండి ఎలాగూ వెళుతుంది, సమగ్ర బీమా ఏటా ఎలాగూ పునరుద్ధరణ అవుతుంది. ఆ రెండు చోట్లా మీటరు అంకెను తప్పనిసరిగా నమోదు చేసి, కొనేవారికి చూసే వీలు కల్పిస్తే మీటరు తిప్పే వ్యాపారం చాలావరకు ఆగుతుంది. ఇందుకు కావలసింది ఒక గడి, ఒక ఉత్తర్వు.

సంతకాల ఫారాలతో సరిపెడితే..

చరిత్ర తెలియకపోవడానికి మరో కారణం చేతులు మారిన వైనం కాగితాల మీదికి ఎక్కకపోవడం. అమ్మినవాడు 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు చేసి ఇచ్చేస్తాడు. కొన్నవాడు పేరు మార్పించుకోకుండా మరొకరికి అమ్ముతాడు. ముగ్గురు వాడినా ఆర్‌సీలో తొలి యజమానే ఉంటాడు. ‘సింగిల్ ఓనర్’ బండిగా అది నాలుగో వ్యక్తికి అంటగడతారు. ఈ పద్ధతి అమ్మినవారికీ ప్రమాదమే. రికార్డులో పేరున్న వ్యక్తే చట్టం దృష్టిలో యజమాని అని, ప్రమాద పరిహారం బాధ్యత అతనిదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. ఎప్పుడో అమ్మేసిన కారు ఎక్కడో ఎవరినో ఢీకొంటే నోటీసు పాత చిరునామాకు వస్తుంది. ఈ-చలానాలూ అక్కడికే.

రాష్ట్రం లోపల అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లో తెలియజేయాలి, కొన్నవారు 30 రోజుల్లో బదిలీకి దరఖాస్తు చేయాలి. బీమాను కూడా 14 రోజుల్లో తన పేరుకు మార్పించుకోకపోతే సొంత నష్టానికి పరిహారం అందదు. పాత బండ్ల వ్యాపారులకు 2023 ఏప్రిల్ నుంచి అధికార పత్రం విధానం వచ్చింది. దాని ప్రకారం యజమాని కారును గుర్తింపు పొందిన వ్యాపారికి అప్పగించినట్టు రవాణా శాఖకు తెలిపితే, అమ్ముడయ్యే దాకా దాని బాధ్యత వ్యాపారిదే. బండిని ఎవరు, ఎందుకు, ఎంత దూరం నడిపారో రాసే రిజిస్టరు కూడా అతను నిర్వహించాలి. కన్సల్టెన్సీలో అడుగుపెట్టినప్పుడు ఈ పత్రం చూపమనడం కొనేవారి హక్కు.

2011లో రిజిస్టరైన కార్లకు 2026లో గడువు తీరుతోంది. పునరుద్ధరణకు గడువు ముగియడానికి 60 రోజుల ముందు నుంచి 25వ నంబరు ఫారంతో దరఖాస్తు చేసుకునే వీలుంది. ఆ వయసు బండి కొనాలనుకునే వారు బయానా ఇచ్చేటప్పుడే ఒక షరతు పెట్టవచ్చు. పరీక్ష పూర్తయి, ఐదేళ్ల పునరుద్ధరణ ఆర్‌సీలో పడ్డాకే మిగిలిన సొమ్ము. అందుకు పదో పదిహేనో వేలు ఎక్కువ అడిగినా ఇవ్వదగిన ధరే. ‘పరీక్ష మీరే చేయించుకోండి, అందుకే తగ్గించి ఇస్తున్నా’ అనే అమ్మకందారు తగ్గించే మొత్తమెంతో, ఆ బండికి ముందుగా ఏమేం చేయించాలో మెకానిక్‌తో లెక్క వేయించాకే మాట ఇవ్వాలి.